15 మి.మీ. సైనికులకు కామోఫ్లాజ్ దుస్తులు: చుక్కలు పెడితే ముద్ద, పెట్టకపోతే వెలితి

చిన్నసైన్యం

అందరికీ నమస్కారం. నెదర్లాండ్స్‌లో 1944 సెప్టెంబరు నాటి ఆర్నెమ్ యుద్ధాన్ని బల్ల మీద ఆటగా ఆడేందుకు 15 మి.మీ. బొమ్మలకు రంగులు వేసి రెండు పక్షాలనూ సిద్ధం చేస్తున్నాను. ఒకవైపు బ్రిటిష్ పారాచూట్ దళం, మరోవైపు నాజీల సాయుధ దళం వాఫెన్ ఎస్‌ఎస్ పాంజర్ (ట్యాంకుల) డివిజన్ల పదాతి సైనికులు. అంటే రెండువైపులా మచ్చల దుస్తులే.

బ్రిటిష్ వాళ్ల డెనిసన్ స్మాక్, అదే యూనిఫాం మీద తొడిగే వదులు చొక్కా, బాగానే కుదిరింది. చిక్కంతా జర్మన్ల దగ్గరే. వాళ్లకు 1944లో వచ్చిన ఎర్బ్‌సెన్‌మస్టర్, అదే బఠాణీ చుక్కల డిజైను, ఐదు రంగులది. మ్యూజియం ఫొటోలు ముందు పెట్టుకుని ఐదు రంగులూ వేశాను. బొమ్మను కళ్ల దగ్గర పెట్టుకుంటే ముచ్చటగా ఉంది. బల్ల మీద నిలబెట్టి కుర్చీలో వెనక్కి వాలితే చుక్కా లేదు, మచ్చా లేదు, అంతా ఒకటే గోధుమరంగు ముద్ద.

ఎన్ని రంగులు వేస్తే చాలు? వాష్, అదే మడతల్లో నీడ తెచ్చే పలుచని రంగునీళ్లు, చుక్కలకు ముందా, తర్వాతా? రేపు ఇదే పని 6 మి.మీ.లో చేయాల్సి వస్తే అసలు సాధ్యమేనా?

ఆరుమిల్లీ

చివరి ప్రశ్న నన్నే పేరు పెట్టి పిలిచినట్టుంది కాబట్టి ముందు దానికే జవాబు. 6 మి.మీ. బొమ్మకు మచ్చలు వేయకండి. ఆ డిజైనులోని రంగులన్నీ కలిస్తే ఏ రంగు అవుతుందో అదొక్కటే వేసి, వాష్ పూసి, భుజాల మీద కాస్త లేతరంగు అద్ది వదిలేయండి. బఠాణీ చుక్కలకైతే వెచ్చని గోధుమ. జర్మన్ సైన్యం తర్వాతి కాలంలో తెచ్చిన చుక్కల డిజైను ఫ్లెక్‌టార్న్‌కైతే ముదురు ఆకుపచ్చ. అమెరికన్ సైన్యపు డిజిటల్ డిజైను యూసీపీకైతే పాలిపోయిన బూడిదపచ్చ. దళాన్ని బల్ల మీద పరిచాక ఎవరైనా తేడా కనిపెడితే వాళ్లకు దండం పెడతాను.

నూలుపోగు

ఆ మాత్రం దానికి బొమ్మలెందుకు ఆరుమిల్లీ గారూ, రంగు అట్టముక్కలు పేర్చుకుని ఆడుకోవచ్చు కదా. మచ్చల దుస్తులు తొడిగిన దళం మచ్చలతోనే కనబడాలి. నిజ జీవితంలో ఆ దూరం నుంచి కనబడదంటారా? నిజ జీవితంలో ఆ దూరం నుంచి ముక్కు కూడా కనబడదు. అయినా మనం ముక్కు మీద లేతరంగు వేస్తాం.

గళ్ళకాగితం

మీరిద్దరూ వాదించుకునే ముందు ఒక లెక్క వేసుకుందాం.

15 మి.మీ. బొమ్మ దాదాపు 1/100 స్కేలు. 6 మి.మీ. దాదాపు 1/300, కొందరు తయారీదారులు 1/285 అంటారు. బల్ల ముందు కూర్చున్నప్పుడు కంటికీ బొమ్మకూ మధ్య 60 సెం.మీ. దూరం అనుకుందాం. అంటే 15 మి.మీ. సైనికుణ్ణి 60 మీటర్ల దూరం నుంచి, 6 మి.మీ. సైనికుణ్ణి 180 మీటర్ల దూరం నుంచి చూస్తున్నట్టు. మంచి కన్ను విడదీసి చూడగల అతి చిన్న కోణం దాదాపు ఒక ఆర్క్ నిమిషం, అంటే డిగ్రీలో 60వ వంతు. 60 మీటర్ల దగ్గర అది సుమారు 1.7 సెం.మీ. వెడల్పు అవుతుంది. 180 మీటర్ల దగ్గర 5 సెం.మీ. దాటుతుంది. అంతకంటే చిన్న చుక్కలు పక్క చుక్కలతో కలిసిపోతాయి. బఠాణీ చుక్కల బట్ట మీద విడి చుక్కలు చాలావరకు వేలిగోరు కంటే పెద్దవి కావు. కాబట్టి లెక్క ప్రకారం ఆరుమిల్లీ గారి మాటే నిజం.

ఇక రెండో వైపు. మొన తేలిన కుంచెతో నిలకడగా పెట్టగలిగే అతి చిన్న చుక్క 0.3 మి.మీ. ఉంటుందనుకుందాం. 15 మి.మీ. బొమ్మ మీద అది 3 సెం.మీ. మచ్చతో సమానం. 6 మి.మీ. మీదైతే ఏకంగా 9 సెం.మీ. అంటే మనం ఎంత ఒదిగి వేసినా అసలు దానికంటే పెద్ద చుక్కే వేస్తున్నాం. 60 సెం.మీ. దూరంలో 0.3 మి.మీ. అంటే రెండు ఆర్క్ నిమిషాలకు కొంచెం తక్కువ. కనబడీ కనబడని అంచు అది. పక్క రంగుతో గట్టి తేడా ఉంటే కనబడుతుంది, లేకపోతే మాయమవుతుంది. ఇక్కడ నూలుపోగు గారు గెలిచారు.

చిన్నసైన్యం గారి ముద్దకు కారణం కూడా ఇదే. రంగులు ఐదు కావడం ఒక్కటే కాదు, వాటిలో మూడు ఒకే ముదురుదనంలో ఉండి ఉంటాయి. చుక్కలు అంచుమీదున్న పరిమాణంలో ఉన్నాయి, పైగా తేడా లేదు. ఇక కలిసిపోక ఏం చేస్తాయి?

సైన్యాలకూ ఈ ఇబ్బంది కొత్త కాదు. అమెరికన్ల ఈఆర్‌డీఎల్ డిజైను 1948 నాటిది. దాన్నే 60 శాతం పెద్దది చేసి 1981లో వుడ్‌ల్యాండ్‌గా తెచ్చారు. దూరం నుంచి చూస్తే చిన్న మచ్చలు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయన్నదే కారణం. అసలు బట్టకే మచ్చలు పెంచుకోవాల్సి వచ్చినప్పుడు మనం పెంచితే ఎవరు కాదంటారు?

చిన్నసైన్యం

గళ్ళకాగితం గారూ, లెక్క అర్థమైంది. ఒకే ముదురుదనంలో ఉన్నాయో లేదో కనిపెట్టేదెలా? నా కంటికి ఆకుపచ్చ, గోధుమ బాగా వేరుగానే కనబడుతున్నాయి.

గళ్ళకాగితం

ఫోనుతో ఫొటో తీసి నలుపు తెలుపులోకి మార్చండి. మీ ఆకుపచ్చా గోధుమా ఒకే బూడిదరంగుగా కనబడితే బల్ల మీద కూడా ఒకటైపోతాయి. రంగులు కొనేముందే ఒక తెల్ల కాగితం మీద పక్కపక్కన అద్ది ఈ పరీక్ష చేస్తే ఇంకా మేలు.

చుక్కలమేస్త్రీ

బఠాణీ చుక్కలు నాకు ఇష్టమైన డిజైను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. 15 మి.మీ.కు ఐదు వద్దు. నేల రంగుతో, అంటే అడుగున మొదట వేసే రంగుతో, కలిపి నాలుగు చాలు, తొందరగా ఉంటే మూడు.

నేల రంగు: మధ్యస్థ గోధుమ. వాలెహో అనే రంగుల కంపెనీ వాళ్ల జర్మన్ క్యామో మీడియం బ్రౌన్ వాడేవాళ్లు చాలామంది ఉన్నారు. నేనైతే దాన్ని అలాగే వేయను, అందులో సగానికి సగం లేత ఇసుకరంగు కలుపుతాను. చిన్న వస్తువు మీద ఏ రంగైనా అసలు కంటే ముదురుగా కనబడుతుంది. పైగా మనం దాని మీద పెట్టబోయే చుక్కల్లో ఎక్కువ భాగం ముదురువే. తెలుపు కలపకండి, సుద్ద పూసినట్టు పాలిపోతుంది.

నేల రంగు ఆరాక గోధుమరంగు వాష్ పలుచగా పూసి, అది పూర్తిగా ఆరాక మడతల మీది ఎత్తుల్లో మళ్లీ నేల రంగే వేస్తాను. వెలుగునీడల పని ఇక్కడితో సరి. చుక్కలకు విడిగా వెలుగునీడలు వేయబోకండి.

ఇప్పుడు చుక్కలు. మొదట నల్లగోధుమ. ఒక చేయి తీసుకుందాం. భుజం నుంచి మోచేతి దాకా 15 మి.మీ. బొమ్మ మీద మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది. అక్కడ నల్లగోధుమ చుక్కలు మూడు చాలు. వరసలో వద్దు. రెండు దగ్గరగా, ఒకటి ఎడంగా. వాటిలో ఒకటి చొక్కా అంచు దాకా వెళ్లి అక్కడ తెగిపోవాలి. డిజైను బట్టదే తప్ప మనిషిది కాదని కంటికి చెప్పేది ఆ తెగిన చుక్కే. ఛాతీ మీద ఐదారు, తొడ మీద నాలుగు. తర్వాత ఆకుపచ్చ, నల్లచుక్కల పక్కనే, ఒక్కోచోట వాటిని కొరుకుతూ. ఇది కొంచెం ప్రకాశవంతమైన ఆకుపచ్చ కావాలి. ముదురుదైతే నల్లచుక్కలో కలిసిపోతుంది. చివరగా లేత ఇసుకరంగు, అన్నిటికంటే చిన్న చుక్కలు, అన్నిటికంటే తక్కువ. కొన్ని నేల మీద, కొన్ని సరిగ్గా నల్లచుక్కల నడుమ. దూరం నుంచి బఠాణీ చుక్కలు అనిపించేది ఈ లేత చుక్కలవల్లే. అవి లేకపోతే మామూలు మచ్చల చొక్కా.

అన్నీ అయ్యాక నేల రంగు కనీసం మూడో వంతు కనబడుతూ ఉండాలి. నిండిపోయిందనిపిస్తే నేల రంగుతోనే నాలుగు చుక్కలు పెట్టి గాలి ఆడనివ్వండి.

రంగు చిక్కదనం గురించి ఒక్క మాట. బొటనవేలి గోరు మీద ఒక చుక్క పెట్టి చూడండి. పక్కలకు పాకితే నీళ్లెక్కువ. ఆరాక బొడిపెలా నిలబడితే చిక్కనెక్కువ. పెట్టినచోటే చదునుగా ఆగాలి. కుంచెను బొమ్మకు నిటారుగా పట్టుకుని మొనతో తాకి తీసేయాలి, లాగకూడదు. లాగితే చుక్క తోకచుక్క అవుతుంది.

వాష్‌రాయుడు

చుక్కలమేస్త్రీ గారి పద్ధతంతా బాగుంది, ఒక్క వాష్ విషయంలో తప్ప. నేను చుక్కలన్నీ అయ్యాకే వాష్ వేస్తాను. లేకపోతే చుక్కలు బట్ట మీద అచ్చువేసినట్టు కాక, బట్ట మీద చల్లినట్టు కనబడతాయి. చివర్లో పలుచని వాష్ పడితే అన్నిటినీ ఒక తాటి మీదికి తెస్తుంది. మడతల్లో నీడ కూడా చుక్కల మీదుగా పడుతుంది, నిజంగా నీడ పడేది అలాగే.

చుక్కలమేస్త్రీ

28 మి.మీ. మీద మీ మాట ఒప్పుకుంటాను. 15 మి.మీ.లో చివరి వాష్ లేత చుక్కల్ని మింగేస్తుంది. మనం ఇప్పటిదాకా కష్టపడి తెచ్చిన తేడా మీద గోధుమరంగు నీళ్లు పోసినట్టే. అగ్రాక్స్ ఎర్త్‌షేడ్ లాంటిది సీసాలోంచి నేరుగా పూస్తే ఇక చెప్పనక్కర్లేదు.

వాష్‌రాయుడు

నేరుగా ఎవరు పూయమన్నారు? ఒక వంతు వాష్‌కు రెండు మూడు వంతులు మ్యాట్ మీడియం, అంటే మెరుపులేని రంగులేని ద్రవం, కలపాలి. నీళ్లు కాదు. నీళ్లు కలిపితే ఎత్తుల మీద మరకలు కట్టి అంచులు తేలతాయి. పైగా చివర్లో వాష్ వేస్తారని తెలిసినప్పుడు చుక్కలన్నీ ఒక మెట్టు లేతగా పెట్టుకోవాలి. ఇసుకరంగు చుక్క దాదాపు దంతపు రంగులో ఉండాలి. వాష్ పడ్డాక అది ఇసుకరంగుకు దిగుతుంది. పని మొదటి నుంచీ ఆ లెక్కలో నడవాలి, అంతే.

నూలుపోగు

మీ ఇద్దరి బొమ్మలూ నేను చూశాను. అర మీటరు దూరంలో ఏది ఎవరిదో చెప్పలేకపోయాను. వాష్‌రాయుడు గారిది వేగం, పెద్ద దళానికి పనికొస్తుంది. చుక్కలమేస్త్రీ గారిది తేట, ఫొటోలో బాగుంటుంది. చిన్నసైన్యం గారూ, ఒక్కో పద్ధతిలో ఒక్కో బొమ్మ వేసి చూసుకోండి.

వాష్ కంటే ముఖ్యమైనది ఒకటుంది. మచ్చలు లేని చోట్లు. తోలుపట్టీలు, తూటాల సంచులు, గ్యాస్‌మాస్కు డబ్బా, తుపాకీ, ముఖం, చేతులు. మచ్చల చొక్కాను మచ్చలుగా చదివించేది వీటి చదునుదనమే. నల్లటి పట్టీల జంట భుజాల మీదుగా శుభ్రంగా దిగి, దాని అంచున సన్నని ముదురు గీత ఉంటే కంటికి చొక్కా ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. చాలామంది చొక్కా మీద ఒక పూట ఖర్చుపెట్టి పట్టీల దగ్గరికి వచ్చేసరికి ఓపిక చచ్చి ఒక పూత పూసేస్తారు. ముద్ద సగం అక్కడే పుడుతుంది.

పాతదస్త్రం

రంగుల మాట మీరు చూసుకుంటున్నారు, బట్టల మాట నేను చెబుతాను. దీనివల్ల పని తగ్గుతుంది కూడా.

1944లో వాఫెన్ ఎస్‌ఎస్ సైనికులందరూ తలనుంచి కాలిదాకా బఠాణీ చుక్కల్లో లేరు. ఆ కోటు, ప్యాంటు జత ఆ ఏడాదే వచ్చింది. అప్పటికే వాడుకలో ఉన్న స్మాకులు వేరు. అవి రెండువైపులా తొడుక్కునేవి, ఒకవైపు వసంతపు పచ్చ, మరోవైపు శరదృతువు గోధుమ, ప్లేన్ చెట్టు బెరడు, ఓక్ ఆకు డిజైన్లలో. వాటి కింద ప్యాంటు మామూలు బూడిదపచ్చే. కాబట్టి ఒక దళంలో కొందరికి పూర్తి జత, కొందరికి స్మాకు, కొందరికి హెల్మెట్ తొడుగు మాత్రమే, ఇంకొందరికి ఏమీ లేకుండా వేయండి. చరిత్రకు న్యాయం, కళ్లకు విశ్రాంతి. అందరికీ ఒకే మచ్చలు వేస్తే ఏ ఒక్కరివీ కనబడవు. సెప్టెంబరు నెల కనుక పచ్చవైపా, గోధుమవైపా అని తల బద్దలు కొట్టుకోకండి, రెండూ కలిపేయండి.

ఇటలీ 1943లో లొంగిపోయాక అక్కడి బట్ట కూడా జర్మన్ల చేతికి చిక్కింది. టెలో మిమెటికో అంటారు, 1929 నాటి డిజైను, మూడు రంగులు, పెద్దపెద్ద మచ్చలు. దాంతో కుట్టిన ప్యాంట్లు, జాకెట్లు కొన్ని దళాల్లో తిరిగాయి. 15 మి.మీ. మీద వేయడానికి అంతకంటే సుఖమైన డిజైను లేదు. దళానికి ఒకరిద్దరికి వేస్తే చూడముచ్చటగా ఉంటుంది.

మాటల్లో మాట. అమెరికన్ సైన్యంలో ఒక దళం, 2వ ఆర్మర్డ్ డివిజన్‌ది, 1944 జులైలో నార్మండీలో మచ్చల దుస్తులు తొడుక్కుంది. పసిఫిక్‌లో మెరీన్లు వాడిన కప్పచర్మం డిజైను అది. దాన్ని గీసింది నార్వెల్ గిలెస్పీ అనే ఉద్యానవన నిపుణుడు. నార్మండీలో మచ్చలు కనబడితే వాఫెన్ ఎస్‌ఎస్ అనుకునేవాళ్లు. సొంతవాళ్లే కాల్పులు జరిపే పరిస్థితి రావడంతో ఆ దుస్తుల్ని వెనక్కి తీసుకున్నారు. మీ బల్ల మీద కూడా రెండువైపులా మచ్చలే కాబట్టి ఈ చిక్కు గుర్తుపెట్టుకోండి.

చిన్నసైన్యం

పాతదస్త్రం గారూ, సరిగ్గా అదే భయం. ఆటలో అవతలివాళ్లు చేయి చాపి నా జర్మన్ దళాన్ని తమదనుకుని జరిపేలా ఉన్నారు. డెనిసన్‌కూ జర్మన్ స్మాకుకూ మధ్య తేడా ఎలా తేవాలి?

పాతదస్త్రం

మూడు చోట్ల. ఒకటి, మచ్చల ఆకారం. డెనిసన్ మొదట్లో చేత్తో, వెడల్పాటి కుంచెతో రంగు పూసి తయారు చేసినది. కుంచె దెబ్బలు కనబడతాయి, చుక్కలు కాదు. మచ్చ పొడవుగా, ఒక చివర గీరుకుపోయినట్టు ఉండాలి. రెండు, ప్యాంటు. బ్రిటిష్ వాళ్లది ఖాకీ గోధుమ ఉన్ని, మచ్చల్లేనిది. అది ఎంత చదునుగా ఉంటే అంత మంచిది. మూడు, తల. హెల్మెట్ మీద వల, అందులో గుడ్డపీలికలు. కొందరికి మెరూన్ టోపీ పెట్టండి. యుద్ధం మధ్యలో టోపీలెందుకని అడిగేవాళ్లుంటారు. పారాచూట్ దళానికి ఆ టోపీ ప్రాణంతో సమానమని చెప్పండి.

చుక్కలమేస్త్రీ

డెనిసన్‌కు నా పద్ధతి: నేల రంగు పసుపు కలిసిన ఇసుకపచ్చ. దాని మీద గోధుమ, ముదురు పచ్చ, రెండే రంగులు. కుంచెలో రంగు చాలావరకు తుడిచేసి, మొన విచ్చుకున్న పాత కుంచెతో ఒక మిల్లీమీటరు పొడవున ఏటవాలుగా ఒక్క గీటు. వీపుకు నాలుగైదు గీట్లు చాలు. జర్మన్లకు పెట్టే శ్రమలో పావువంతు కూడా ఉండదు.

కొత్తకుంచె

ఇన్నాళ్లూ చదవడమే కానీ రాయలేదు. ఇంత చిన్న చుక్కలకు 10/0 లాంటి అతి సన్నని కుంచె కొనాలా?

వాష్‌రాయుడు

వద్దు. ఆ కుంచె పొట్టలో రంగు నిలవదు. పళ్లెం నుంచి బొమ్మ దాకా వచ్చేలోపే మొన మీద ఆరిపోతుంది. 0 లేదా 1 సైజు, మొన బాగా తేలే సేబుల్ కుంచె తీసుకోండి. చుక్క పరిమాణాన్ని నిర్ణయించేది మొన, సైజు కాదు. రంగు తడిపళ్లెంలో పెట్టుకోండి.

గళ్ళకాగితం

కుంచెకు ముందు వెలుతురు. పసుపు బల్బు కింద ఆకుపచ్చ గోధుమవైపు జారుతుంది. పగటివెలుతురును పోలిన, 5000 నుంచి 6500 కెల్విన్ల మధ్య ఉండే దీపం మంచిది. తలకు పెట్టుకునే భూతద్దం ఉంటే చేయి నిలకడగా ఉంటుంది. అయితే భూతద్దంలో బాగుందని మురిసిపోకండి. ప్రతి నాలుగు బొమ్మలకూ ఒకసారి అది తీసేసి, చేయి చాపి చూడండి.

సిరాబుడ్డి

కుంచె మాట ఎత్తారు కాబట్టి పెన్నుల మాట నేను ఎత్తుతాను. 0.05 మి.మీ. మొన ఉన్న సిరాపెన్నులు దొరుకుతాయి, గీతలు గీసే పనికి వాడేవి. స్ప్లింటర్ డిజైను గుర్తుందా? 1931లో జర్మన్ సైన్యం గుడారపు గుడ్డకోసం తెచ్చినది, కోణాలు తేలిన పచ్చ, గోధుమ ముక్కలు, వాటి మీద వానచినుకుల్లాంటి సన్నగీతలు. 28 మి.మీ.లో ఆ గీతలకు పెన్ను మహా సుఖం. 15 మి.మీ.లో గీతల జోలికి పోకండి, కోణాలు పదునుగా వస్తే చాలు, చూసేవాళ్ల కన్నే గీతల్ని ఊహించుకుంటుంది.

పెన్నులో వర్ణకం ఆధారిత సిరానే ఉండాలి. ఆల్కహాలు సిరా అయితే స్ప్రే వార్నిష్ పడగానే కరిగి పాకుతుంది. ఏదైనా సరే, విరిగిన బొమ్మ మీదో ప్లాస్టిక్ ముక్క మీదో వార్నిష్‌తో సహా పరీక్షించాకే దళం మీదికి వెళ్లండి. అక్రిలిక్ పూర్తిగా ఆరకముందే పెన్ను ఆనిస్తే మొనలో రంగు ఇరుక్కుని పెన్ను పోతుంది.

నూలుపోగు

నాకు పెన్ను నచ్చదు. దాని చుక్కలన్నీ ఒకే సైజులో, ఒకే గుండ్రంగా పడతాయి. కుంచె చుక్క కాస్త వంకరపోతుంది, ఆ వంకరే అందం.

నేటిదళం

రెండో ప్రపంచ యుద్ధం దాటి రాగలరా కాసేపు? నావన్నీ 1980 తర్వాతి దళాలు. నా దగ్గరున్నవి రాస్తాను, ఎవరికైనా పనికొస్తాయి.

వుడ్‌ల్యాండ్: నాలుగు రంగులు, పెద్ద మచ్చలు, అన్నిటికంటే సులువు. నేల పచ్చ, మీద గోధుమ వంకర పాయలు, కొన్ని ఇసుకరంగు ఖాళీలు, చివర నలుపు. నలుపు కొమ్మల్లా చీలుతూ పోవాలి. అచ్చమైన నలుపు వద్దు, ముదురు బూడిద చాలు.

1991 గల్ఫ్ యుద్ధపు ఆరు రంగుల ఎడారి దుస్తులు: లేత ఇసుక నేల, రెండు గోధుమ పాయలు, వాటిమీద నల్లచుక్కల పక్కన తెల్లచుక్కలు. గులకరాళ్ల నీడల్ని తలపించేలా చేసినవవి. 15 మి.మీ.లో నల్లచుక్కకు ఆనించి తెల్లచుక్క పెడితే చాలు, ఏ డిజైనో ఎవరైనా చెప్పేస్తారు. ఇంత తక్కువ శ్రమకు ఇంత గుర్తింపు తెచ్చే డిజైను మరొకటి లేదు.

డిజిటల్ డిజైన్లు, అంటే కెనడా క్యాడ్‌ప్యాట్, 2002 నాటి అమెరికన్ మెరీన్ల మార్‌ప్యాట్: చదరాలు వేయబోయి చేతులు కాల్చుకోకండి. దగ్గరలో చిన్న చదరాలు, దూరంలో వాటి గుంపులు చేసే పెద్ద ఆకారాలు, రెండూ పనిచేయాలన్నది వాటి వెనకున్న ఆలోచన. మనకు కనబడేది రెండోదే. కాబట్టి అడ్డంగా పొట్టి గీతల గుంపులు వేస్తే సరిపోతుంది.

యూసీపీ: ఆరుమిల్లీ గారు చెప్పినట్టు ఒక్క రంగు వేసినా మోసం కాదు. అసలు బట్టే దూరం నుంచి ఒక్క రంగులా కనబడుతుందని విమర్శలు వచ్చి, 2015 నుంచి దాని స్థానంలో ఓసీపీ అనే మరో డిజైను తెచ్చారు.

మల్టీక్యామ్ మాత్రం ఏడిపిస్తుంది. దాని అందమంతా ఒక రంగు మరో రంగులోకి మెల్లగా జారడంలో ఉంది. ఇసుకరంగు నేల మీద బాగా పలుచని పచ్చతో అంచుల్లేని మరకలు వేసి, ఆరాక ముదురు గోధుమ పొట్టి పుల్లలు కొన్ని, లేతరంగు పుల్లలు కొన్ని. పుల్లలు అడ్డంగా ఉండాలి.

ఆరుమిల్లీ

నన్ను మెచ్చుకున్నారు కాబట్టి నేనూ ఒక మెట్టు దిగుతాను. 6 మి.మీ.లో మచ్చలు తప్పదంటే ఇలా చేయండి. లేత బూడిద ప్రైమర్ (అన్నిటికంటే ముందు వేసే పూత). నేల రంగు మీరనుకున్నదానికంటే రెండు మెట్లు లేతగా. పలుచని వాష్. ఆ తర్వాత రెండే రంగులు, ఒకటి ముదురు, ఒకటి లేత. వీపుకు ముదురువి రెండు, లేతది ఒకటి. ప్రతి కాలికీ ముదురుది ఒకటి. అంతే, కుంచె కింద పెట్టేయండి. ముందువైపు తుపాకీ, చేతులు అడ్డం ఉంటాయి కాబట్టి అక్కడ చోటే ఉండదు. ఆటలో మనం ఎక్కువగా చూసేది మన బొమ్మల వీపులూ తలలే. హెల్మెట్ మీద మూడు చుక్కలు పెడితే ఛాతీ మీద పది పెట్టినంత ఫలితం.

బేసుకు, అంటే బొమ్మలు నిలబడే పలకకు, అతికించాక చుక్కలు పెట్టబోతే కుంచె లోపలికి వెళ్లదు. ఐస్‌క్రీమ్ పుల్లకు వరసగా అంటించుకుని, ఒక రంగు అందరికీ పెట్టి, ఆ తర్వాతే రెండో రంగు ముట్టుకోండి.

చిన్నసైన్యం

రెండు పద్ధతుల్లోనూ చెరొక సెక్షన్ పూర్తి చేశాను. నల్లగోధుమ, ప్రకాశవంతమైన పచ్చ, ఇసుకరంగు. ముదురు పచ్చనూ రెండో గోధుమనూ పక్కన పెట్టేశాను. నలుపు తెలుపు ఫొటోలో మూడూ మూడు మెట్లుగా కనబడుతున్నాయి, బల్ల అవతలి నుంచి కూడా చుక్కలు తెలుస్తున్నాయి. మొత్తం దళానికి వాష్‌రాయుడు గారి పద్ధతి, నాయకులకూ మెషిన్‌గన్ జట్లకూ చుక్కలమేస్త్రీ గారి పద్ధతి అని తీర్మానించుకున్నాను. దళంలో ఇద్దరికి పూర్తి జత, నలుగురికి స్మాకు, మిగతావాళ్లకు హెల్మెట్ తొడుగులు. పాతదస్త్రం గారి పుణ్యమా అని పని సగానికి తగ్గింది.

ఒక్కటే మిగిలింది. బేసు మీద ముదురు పచ్చగడ్డి చల్లగానే జర్మన్లు మళ్లీ మాయమయ్యారు.

పాతదస్త్రం

వాళ్ల దుస్తులు చేయాల్సిన పని అవి చేస్తున్నాయి, మీరు ఫిర్యాదు చేయకూడదు.

నూలుపోగు

గడ్డిని ఒకటి రెండు మెట్లు లేతగా, పసుపువైపు మార్చండి. సెప్టెంబరు కాబట్టి ఎండుగడ్డి తప్పుకాదు. బొమ్మ పాదాల చుట్టూ గడ్డి చల్లకుండా కాస్త మట్టి కనబడనివ్వండి. బొమ్మకూ నేలకూ మధ్య ఆ లేత మట్టి ఒక అంచులా పనిచేస్తుంది. పొడుగాటి గడ్డి కుదుళ్లు బేసు వెనక మూలకే, బొమ్మ ముందు వద్దు.

చిన్నసైన్యం

వార్నిష్ గడ్డికి ముందా, తర్వాతా?

వాష్‌రాయుడు

ముందు. మొదట మెరిసే గ్లాస్ వార్నిష్ ఒక పొర, అది గట్టిపడ్డాక మెరుపులేని మ్యాట్ ఒక పొర, ఆ తర్వాత గడ్డి. మ్యాట్ సీసాను వాడేముందు బాగా కుదపండి, అడుగున పేరుకున్న మ్యాట్ పొడి కలవకపోతే బొమ్మ మెరుస్తుంది లేదా తెల్లగా పొగపడుతుంది. గాలిలో తేమ ఎక్కువ ఉన్న రోజు స్ప్రే జోలికి వెళ్లకండి, కుంచెతోనే పూయండి. మెరుపు మిగిలిందంటే చుక్కలన్నీ దీపం వెలుగులో కొట్టుకుపోతాయి, కాబట్టి మ్యాట్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు.